పదిహేడో నంబరు ఆల్చిప్ప గోడు

నేను ఒక ఆల్చిప్పను. నా కొంప ముంచినవాడు సూరాడ దానయ్య. పేరు పెట్టి తిడుతున్నానని ఏమీ అనుకోకండి. లోపలి మాంసం గోకేశాక నాకు మిగిలింది ఈ నోరొక్కటే.

శుభ్రమైన సముద్రంలో బండను కరుచుకుని రెండేళ్లు పెరిగాను. నీళ్లలో ఏముంటే అది మా ఒంట్లో చేరిపోతుంది, కోసి చూస్తే దాచలేం. అందుకే మొన్నటి తుపానుకి మందుల కంపెనీ మురుగు చెరువు గట్టు తెగి ఏట్లో కలిసినప్పుడు, ల్యాబు నుంచి వసుంధర మేడం వచ్చి మమ్మల్ని పీకి, వీపుల మీద నంబర్లు వేసి, వల సంచీలో, ఆ ఏరు సముద్రంలో కలిసే మొగలో వేలాడదీసింది. మాలో విషం తేలితే కంపెనీ రెండో యూనిట్ ఆగుతుంది. తేలకపోతే ఏటి ఒడ్డు భూములన్నీ దానికే.

కాపలాకి దానయ్యను పెట్టారు. అతని భూమీ ఆ ఒడ్డునే ఉంది. "నెల తర్వాత నాకు బతికినవే కావాలి, జాగ్రత్త" అని మేడం జీపెక్కింది. ఎందుకో చెప్పలేదు. చదువుకున్నవాళ్లు సగమే చెప్తారు, మిగతా సగం మనకు తెలియలేదని తిడతారు.

నాలుగో రోజుకే నా పక్కవి చచ్చి నోళ్లు తెరిచేశాయి. దానయ్య గుండెలు బాదుకున్నాడు. పీతలు పట్టే ఇంట్లో పుట్టాడు. ఏట్లో నీరు చెడితే పీతల బుట్టను తేట నీటికి జరపడం వాళ్ల తాతల నాటి అలవాటు. మమ్మల్నీ పడవలో వేసుకుపోయి కొండ అవతల కట్టాడు. రోజూ వచ్చి నాచు దులిపాడు. కన్నతల్లి కూడా నాకంత సేవ చేయలేదు. ముప్పయ్యో రోజు తెల్లారకముందే తెచ్చి పాత చోట కట్టేశాడు.

మేడం చూసి మురిసిపోయింది, తర్వాత కత్తి తీసింది. విషం లేదు, నాలుగు రోజులు తాగిందంతా తేట నీటిలో కడుక్కుపోయింది. ఊరి సభలో కంపెనీ వాళ్లు మేడం రాసిచ్చిన ఆ కాగితం చదివి లడ్డూలు పంచారు.

మర్నాడు దానయ్య ల్యాబుకి వచ్చాడు. నేను ఖాళీ చిప్పనై బల్ల మీదే ఉన్నాను.

"అదేటమ్మా, విషం నేదని రాసేసినారు? నాలుగు రోజులకే పన్నెండు సచ్చిపోనాయి కదా!"

"అలలకి కొట్టుకుపోయాయన్నావు!"

"తిడతారని బయమేసి అలా సెప్పినాను. మిగిలినవైనా బతకాలని కొండవతల కట్టినాను. ఆ తరవాత ఒక్కటంటే ఒక్కటి సావనేదు, సూడండి!"

ఆ మాట గర్వంగానే అన్నాడు.

మేడం కుర్చీలోంచి లేచింది. "దానయ్యా, ఆ నీళ్లు తాగడానికే వాటిని అక్కడ పెట్టాను."

"అలాగైతే మల్లీ కట్టండమ్మా. ఈపాలి సెయ్యెట్టను."

"రెండో యూనిట్‌కి అనుమతి వచ్చేసింది. ఏట్లో ఆ విషపు నీరూ కొట్టుకుపోయింది."

అతను చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. నన్ను సున్నం బట్టీకి పోయే సంచీలో పడేశారు. విషం తాగి చస్తే సాక్షినయ్యేదాన్ని. మంచి నీళ్లు తాగి, దిక్కుమాలిన చావు చచ్చాను.

నాకు పోయింది ప్రాణం. దానయ్యకి పోయింది, సర్వేయరు గొలుసు వేసి తేల్చిన ప్రకారం, ఎకరా ముప్పై రెండు సెంట్లు.