అటు తిరిగిన బూజు

మద్దిలపాలెం వెనక సందులో గోడకి నల్లబూజు పడితే, దానికి కారణమైన మనిషి బొమ్మలాగే పడుతుంది. ఎవరిదో పోల్చుకుని, వాళ్ళచేతే బాగు చేయించుకుంటారు. మహాలక్ష్మమ్మ ఇంట్లో ఆమె అల్లుడు పడ్డాడు. ఏసీ చల్లదనం పోతుందని వెంటిలేటరుకి అట్టముక్క కొట్టింది అతనే. అతను వచ్చేదాకా ఆమె గోడనే తిట్టింది.

సింహాద్రి ఇంట్లో మాత్రం బొమ్మ అటు తిరిగి ఉంది. తలమీద గుడ్డ కప్పుకున్న వీపు, అంతే.

"పైట కప్పుకుంది, సూడండి. మీ కోడలే," అంది చూడ్డానికొచ్చిన మహాలక్ష్మమ్మ. "వానల్లో తడిబట్టలు గదిలో ఆరేత్తే మరేటవుద్ది?"

కోడలు దేవి దగ్గుకుంటూ బట్టలన్నీ మేడమీదకి మోసుకుపోయింది. వాన పడుతూనే ఉంది.

అది పైట కాదు, తన తువ్వాలని సింహాద్రికి తెలుసు. స్టీలు ప్లాంటు క్వార్టర్సులో నలభై ఏళ్ళు ఇనప పైపులు బిగించిన మనిషి. కొడుకు వాసు ఇల్లు కట్టినప్పుడు పైపులు తనే వేశాడు.

"నాన్నా, ప్లాస్టిక్కుకి జనపనార వద్దు, టేపు సాలంట," అన్నాడు వాసు.

"నువ్వేట్రా నాకు సెప్పీది!"

పైపు అతుక్కి నార దట్టంగా చుట్టి రెంచితో బిగించాడు. టిక్కుమంది. ప్లాస్టిక్కులో వెంట్రుకంత చీలిక. అప్పటికే టైల్సువాళ్ళు గుమ్మంలో ఉన్నారు. సిమెంటు మెత్తి ఊరుకున్నాడు.

బొమ్మ పడ్డప్పుడల్లా గీకి రంగు వేశాడు. చివరికి బీరువా అడ్డం పెట్టించాడు. గాలాడక చెమ్మ ఇంకా ముదిరింది.

దేవికి ఆయాసం ఎక్కువైంది. ఆ ఇంట్లో ఉండొద్దన్నాడు డాక్టరు. తగరపువలసలో పుట్టింటికి పంపడానికి వాసు ఆటో పిలిచాడు.

"బట్టలు గదిలో ఆరేయకంటే ఇన్నావా? పో, ఒక్కద్దానివే పో," అన్నాడు.

ఆమె సంచి పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళగానే, ఎవరూ చూడకుండా రంగు వేసేద్దామని సింహాద్రి బీరువా జరిపాడు. బొమ్మ సగం ఇటు తిరిగి ఉంది. ఎప్పుడో రెంచి తగిలి తెగిన తన ఎడమచెవి తమ్మె, నల్లగా, స్పష్టంగా. బ్రష్షు ఎత్తాడు. గుమ్మంలో దేవి దగ్గు తెరలు తెరలుగా వినిపించింది. బ్రష్షు దించాడు.

"ఒరే వాసూ, ఇలా రా. ఆ పిల్ల కాదురా. నాను."

సుత్తితో టైలు పగలగొట్టాడు. కుళ్ళిన నార, చుక్కచుక్కగా నీళ్ళు. వాసు పైపునే చూశాడు, తండ్రి మొహం చూడలేదు. దేవి చేతిలో సంచి తీసుకుని, తనూ ఆమెతో ఆటో ఎక్కడానికి బయల్దేరాడు.

సింహాద్రి తల వంచుకుని గుమ్మందాకా వెళ్ళాడు. "అమ్మా..." అన్నాడు.

"ఆ సెవి నాను మొన్నే సూసాను మావయ్యా," అంది దేవి మెల్లగా. "మీ అంతట మీరే సెప్తారని బీరువా మళ్ళీ జరిపీసాను."