ఇంకా నొప్పే

కుందుర్పి దగ్గర సోలార్ ప్లాంటుకు కాపలా ఉంటాను. చుట్టూ అద్దాల పలకలు, ఎండ, గాలి, అంతే. మొన్నామధ్య గిటార్ కొన్నాను. ఇక చాలనేవాళ్లెవరూ లేరు కాబట్టి గంటల తరబడి వాయించాను. ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. అనంతపురంలో గిటార్ అమ్మిన షాపాయన భరత్‌కుమార్‌కు ఫోన్ చేశాను.

"గిటార్ గొంతు పిసకతాండావప్పా," అన్నాడు. "బొటనవేలు ఆనించకుండా వాయించు. తీగను మెల్లగా నొక్కుతా పో, సౌండు తేటగా వచ్చిన కాడ ఆగు. అంతకు మించి బలం వద్దు. పది నిమిషాలు వాయించి, ఐదు నిమిషాలు ఎవరితోనన్నా మాట్లాడు. చెయ్యి దానంతటదే వదులైతాది."

ఎవరితో మాట్లాడాలి, పలకలతోనా? ఒళ్లు మండింది. అయినా ఆయన చెప్పినట్టే చేశాను. రోజూ సాయంత్రం ఆ ఐదు నిమిషాలూ ఆయనకే ఫోన్ చేసి నొప్పి సంగతి చెప్పేవాణ్ణి.

రెండు వారాలకు నొప్పి పోయింది. చిటికెన వేలు కూడా తీగను తేటగా పలికించింది. ఆ సాయంత్రమూ ఫోన్ చేశాను.

"తగ్గినాదా?" అన్నాడు.

వేళ్లు ముడిచి, చాచి చూసుకున్నాను. ఎక్కడా నొప్పి లేదు.

"లేదన్నా. ఇంకా ఉండాది."

అవతల ఆయన కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"సరే, రేపు ఇదే టైముకు ఫోన్ చెయ్. షాపుకు ఎవరూ రారు."