పాలు పొంగే షాట్

మా ఇంట్లో మిక్సీ తిరిగితే కంప్యూటర్ ఆరిపోతుంది. కరెంటోళ్లను తిట్టుకోలేను, వైరింగ్ మా ఆయన చేసిందే. ఎడిటింగ్ అయిన వీడియోను ఫైలుగా మార్చే ఎక్స్‌పోర్ట్‌కు పెడతాను, తెర మీద గీత ముప్పాతిక దాటుతుంది, సరిగ్గా అప్పుడే మా అత్త సుగుణమ్మకు అల్లం పచ్చడి మీద మనసు పుడుతుంది. గుర్రుమని చప్పుడు, నల్లటి తెర, మళ్లీ మొదటి నుంచి. ఇలాంటప్పుడు ఆదుకునే ఇన్వర్టర్‌ను మా ఆయన మహేశ్ కొత్త స్టూడియోకు ఎత్తుకుపోయాడు. బోర్డు మీది లైట్లు ఆరకూడదట.

ఆ బోర్డు మీద 'ఎడిటింగ్ మాస్టర్ మహేశ్' అని ఉంది. కెమెరా పట్టేది ఆయనే, కాదనను. పెళ్లికూతురు తలెత్తి చూసే సమయానికి పంతులు వీపు తీసుకొస్తాడు. దాన్ని కోసి, అతికించి, రంగులు సరిచేసి, అలిగే చుట్టాలందరూ ఒక్కసారైనా కనపడేలా చేసేది నేను. హెచ్‌డీ వచ్చాక మేనత్తల మొటిమలు చెరపడం కూడా నా పనే.

"గా ఎక్స్‌పోర్టుల నువ్వు జేసేదేముంది వసంతా? గీత దానంతట అదే పోతాంది. నువ్వు ఊకె సూస్తున్నవ్" అంటాడు మహేశ్.

"మగ్గం కాడ నడుం ఇరిగేదాంక కండెలు చుట్టిన నేను. కుర్సీల కూసుండేది గూడ పనేనా పిల్లా?" అంటుంది అత్త. కండెలన్నీ ఆమే చుట్టింది, చీరలకు పేరు మాత్రం ఆమె భర్త దశరథ మామది. ఆ మాటంటే, "ఆడోళ్ల పేరు ఎవలడిగిన్రు?" అని నవ్వుతుంది.

రేపే స్టూడియో ప్రారంభం. చుట్టాలు, మా తిరుమలగిరి పెద్దమనుషులు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు అందరూ వస్తారు. పెద్ద టీవీలో మా ఆడబిడ్డ శైలజ గృహప్రవేశం వీడియో వేస్తారు. చివర్లో నా పేరు చిన్నగా వేసుకుంటానని అడిగాను.

"పెండ్లాంతోని చేయించుకుంటాండని నవ్వరా? నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు.

సరే అన్నాను. నేను సరే అంటే ఎవరికీ భయం వేయదు. ఈ ఇంట్లో నాకున్న సౌకర్యం అదొక్కటే.

ఆ గృహప్రవేశంలో అత్త దీవెనలు స్పష్టంగా వినపడాలని మహేశ్ ఆమె కొంగుకు చిన్న మైకు పెట్టాడు. తీయడం మరిచాడు. అత్త మైకుతోనే వంటింట్లోకి పోయి, పాలగిన్నె పక్కన శైలజతో గుసగుసలాడింది. ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు హెడ్‌ఫోన్లలో విన్నాను.

"మీ అన్నకు ఏమొస్తదే? మౌసు వట్టుడు గూడ రాదు. అంతా మీ వదినెనే జేస్తది."

"మరి రోజు తిడ్తవెందుకమ్మ?"

"తిట్టకపోతె దానితోనే ఇల్లు నడుస్తాందని దానికి తెల్సిపోదా?"

మళ్లీ మళ్లీ విన్నాను. కాపురానికొచ్చాక నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు, అదీ వెనక పొయ్యి చప్పుడు చెరిపేసుకున్నాక. ఆ మాటల్ని తెచ్చి, పాలు పొంగే షాట్ నడుస్తుంటే వినపడేలా పెట్టాను. షాట్‌ను స్లో మోషన్ చేశాను, మాటలన్నీ పట్టాలి కదా. మహేశ్ చూస్తాడన్న ఫికరు లేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోవడమే ఆయన ఎడిటింగ్.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ నడుస్తోంది.

"మిక్సీ ఎయ్యాల్నా వద్దానే?" వంటింట్లోంచి అత్త.

"జర ఆగున్రి అత్తమ్మా, మీ వీడియోనే. మస్తు మంచిగొచ్చిన్రు."

"నా మెడల గుండ్లపేరు కనవడ్తాందా?"

"కనవడ్తాంది, ఇనవడ్తాంది గూడ."

ముచ్చటపడి రోట్లోనే పచ్చడి నూరుతోంది పాపం.

గీత చివరికొచ్చింది. ఇప్పుడు తట్టింది నాకు: రేపు ముందు వరుసలో కూర్చునేది మా చిన్నమామ రామచంద్రం, ఆయనకు చెవుడు. ఊరంతటికీ కబురు మోసేది కూడా ఆయనే. ఆపేసి, అత్త మాటల్ని కింద అక్షరాల్లో వేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్స్‌పోర్ట్‌కు పెట్టనా? రోట్లో అల్లం అయిపోవచ్చింది, ఇంకేదైనా నూరాలంటే ఈసారి మిక్సీయే వేస్తుంది. వేస్తే పసుపు రంగా, తెలుపా? పాల మీద తెలుపు కనపడదేమో. మీకు దండం పెడతాను, తొందరగా చెప్పండి.