ఒక జత బేడీలు

తెల్లారేసరికి కాల్డర్ దొర ఉల్లితోట పొడిగా ఉంది. లా పాల్మిత వాడ మొలలోతు నీళ్లలో ఉంది. వాన అందరి మీదా ఒక్కలాగే కురిసింది. కానీ కాలవ తలుపు ఎత్తింది దొర మనుషులు, ఎత్తింది వాడ వైపు. చూపు సగం పోయిన చోనా ముసలమ్మ మంచం మీద ఉండగానే మంచం తేలి గుమ్మందాకా వచ్చింది.

షెడ్డులో ఉల్లితోకలు కోసే ఎల్విరా ఆ మురుగులో దిగి, ఈదినంత పని చేసి, కాలవ తలుపు దించేసింది. అడ్డొచ్చిన మేస్త్రీని "మీ దొర ఉల్లిగడ్డ పాటి చెయ్యదురా మా ముసల్ది?" అని నిలదీసింది.

అదంతా ఓడిలియా తన పొడుగాటి వ్యాను కప్పు మీద కూర్చుని చూసింది. ఎల్విరా ధైర్యం చూసి ఆమెకి సంతోషం కలగలేదు. కడుపు మండింది.

ఎందుకు మండిందో చెప్పాలంటే దొర శాసనసభ సీటు సంగతి చెప్పాలి. దక్షిణ టెక్సస్‌లో, నది ఒడ్డున, మెక్సికో నుంచి వచ్చి స్థిరపడ్డ కూలీలు ఉల్లి పీకే ఆ జిల్లా నుంచి రాష్ట్ర శాసనసభకి ఎప్పుడూ కాల్డరే వెళ్లాడు. తాత కాల్డర్, ఓటెయ్యాలంటే కూలీలు కట్టాల్సిన పన్ను తనే కట్టి ఓట్లూ తనే వేయించుకున్నాడు. కొడుకు కాల్డర్ మీద పుచ్చతోటల కూలీలు ఒకసారి మనిషిని నిలబెట్టి, గెలిచినంత పని చేశారు. తర్వాతి ఎన్నికకి జిల్లా సరిహద్దు గీత జరిగింది, వాడ పక్క జిల్లాలో పడింది. ఆ కూలీలు ముసలై, భయం ముదిరాక గీత మళ్లీ వెనక్కొచ్చింది. ఇప్పుడు మనవడు. పోటీ లేదు. అయినా పరువు కోసం ఓట్లు కావాలి.

ఆ ఓట్లు మోసేది ఓడిలియా. పంతొమ్మిదేళ్లుగా ముసలివాళ్లని బండిలో ఎక్కించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, కాల్డర్ పేరు మీద వాళ్ల వేలు పెట్టించేది. దానికి ఆమెకి దక్కింది ఎన్నికల విందులో ముందు వరస కుర్చీ. అందులో కూర్చుని కాల్చిన మాంసం తింటుంటే వాడంతా తనవంకే చూసేది.

నీళ్లు తీశాక మొక్కజొన్న మర దగ్గర మీటింగు పెట్టారు.

"ఈసారి మన మనిషిని నిలబెడదాం," అన్నాడు ట్రాక్టరు తోలే బెనీటో.

"ఎల్విరాని!" అన్నారు జనం. ఒకటే చప్పట్లు.

ఓడిలియా లేచింది. "ఓట్లంటే ఏం తెలుసు దానికి? ఏ ముసలాడికి మోకాళ్ల నొప్పో, ఎవరికి ముందు సీటు కావాలో నాకు తెలుసు."

"తెలుసు గనకే దొరకి మోశావు," అంది వెనకనుంచి ఒకతె. జనం గొల్లుమన్నారు.

ఎల్విరా నవ్వలేదు. "అక్కా, నీ బండి కావాలి మాకు. పోలింగు మైళ్ల దూరం."

"బండి కావాలి. నేను అక్కర్లేదు!"

"నువ్వూ కావాలక్కా."

"ఆ మాట రెండోసారికి గుర్తొచ్చిందే నీకు!" ఓడిలియా విసురుగా వెళ్లిపోయింది.

ఎల్విరా దొర మీద నిలబడింది. పోలింగు రోజు ఓడిలియా ఎవర్నీ మొయ్యలేదు. పోలింగు జరిగే స్కూలు ఎదురుగా బండి ఆపి, అద్దాలు ఎత్తి కూర్చుంది. వచ్చి బతిమాలుతారని చూసింది. ఎవరూ బతిమాలలేదు. ఎండలో, దుమ్ములో నడిచే వచ్చారు. ముందు ఎల్విరా, ఆమె చెయ్యి పట్టుకుని చోనా ముసలమ్మ.

గుమ్మం దగ్గర షెరీఫు కింద పనిచేసే పోలీసు రమీరో అడ్డం పడ్డాడు. "ఓటర్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నావు. నేరం." బేడీలు వేశాడు. ఎల్విరాని తీసుకుపోతే వరస చెదురుతుందని పైవాళ్ల లెక్క.

బాగా అయింది, అనుకుంది ఓడిలియా. కానీ వరసలో ఆడవాళ్లు "ఎల్విరా! ఎల్విరా!" అని అరుపందుకున్నారు. చోనా ముసలమ్మ ఆ బేడీలు తడిమి ముద్దుపెట్టుకుంది. ఓడిలియా ఇక తట్టుకోలేకపోయింది. ధడాలున తలుపు తీసి దిగింది.

"ఒరే రమీరో! దాన్నెందుకురా పట్టుకున్నావు?"

"చెయ్యి పట్టుకుంది పెద్దమ్మా. చట్టం."

"గుమ్మందాకా పట్టుకుంటేనే బేడీలా? నేను లోపలిదాకా పట్టుకున్నాను కదరా! వేలు పట్టి మీ దొర పేరు మీద పెట్టించాను కదరా! నువ్వే కదరా తలుపు తీసి పట్టుకుంది? నాకెప్పుడూ వెయ్యలేదేం? నాకంటే అదెక్కువా?"

తన నోటి మాట తన చెవిన పడ్డాక ఓడిలియాకి విందులో ఆ ముందు కుర్చీ ఎందుకిచ్చారో తెలిసింది. మొహం ఎర్రబడింది. చేతులు మాత్రం ముందుకి చాపింది.

"పట్టుకో. ముందు నన్ను, తర్వాత మీ దొరని."

"ఇంటికెళ్లు పెద్దమ్మా."

"జ్ఞానస్నానంలో నిన్ను ఎత్తుకున్నదాన్నిరా. ఆ రోజూ ఇలాగే బిక్కమొహం పెట్టావు. వెయ్యి!"

"నాకూ వెయ్యి! మా అత్త చెయ్యి పట్టుకున్నా," అంది ఒకతె.

"నాకూ!" "నాకూ!" వరసంతా చేతులు లేచాయి. రమీరో దగ్గర ఉన్నది ఒక్క జతే. వెనక నుంచి షెరీఫు "ఆ ఇద్దర్నీ తీసుకురా!" అని కేకేస్తే, చెమటలు కక్కుతూ ఎల్విరా ఒక చెయ్యి విప్పి, ఆ రెండో బేడీ ఓడిలియాకి తగిలించాడు.

ఓడిలియా బండి తాళాలు విసిరింది. "ఒరే బెనీటో! మెల్లగా తోలు. సిల్వేరియో ముసలాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టు, మోకాళ్లు మడవలేడు. ఎవరి పేరు మీద వేలు పెట్టాలో మాత్రం చెప్పకు."

పోలీసు కారులో ఇద్దరికీ ఒకే బేడీ.

"జరుగు కాస్త," అంది ఓడిలియా. "గీత మళ్లీ జరుపుతారు, చూడు. ఏ పక్కకి జరిపినా వచ్చేసారి నిలబడేది నేను."

"నిలబడక్కా. బండి నేను తోలతా."

"వచ్చా నీకు?"

"నేర్పు."

బయట వరస చెదరలేదు. చోనా ముసలమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లింది.