రికార్డుకెక్కని మాట

నాలుగో పెన్సిలు చెక్కి, మొన మీద ఊది, స్టెనో తన చిన్న బల్ల మీద పెట్టాడు. పెద్దబల్ల చుట్టూ అప్పటికే గోల మొదలైంది. దేశం మహాయుద్ధంలోకి ఎందుకు దిగిందో తేల్చడానికి వేసిన కమిటీ అది. వేసి తొమ్మిదేళ్లయింది. యుద్ధమే నాలుగేళ్లలో ముగిసింది.

ముగ్గురు ప్రొఫెసర్లు. పొరుగుదేశంతో ఉన్న ఒడంబడికే కారణమంటాడు పొట్టాయన. రేవుల వ్యాపారమంటాడు బట్టతలాయన. జనమే ఎగబడ్డారంటాడు మూడో ఆయన. జనాన్ని ఆయన కారు అద్దంలోంచి తప్ప చూసి ఎరగడు. పొద్దస్తమానం కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారు. ఇవాళ ఏ కారణం ముందు అచ్చువెయ్యాలా అని గంటన్నర కొట్టుకున్నారు.

స్టెనో ఒక్క ముక్క పోనివ్వకుండా రాస్తున్నాడు. వంగిన మెడ, వేళ్ల చివర సీసం నలుపు. అతని అన్న ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. వదిన ఇప్పుడు మంచంలో ఉంది, వారం దాటదన్నాడు డాక్టరు. తొమ్మిదేళ్లుగా రోజూ సాయంత్రం ఆమెది ఒకటే ప్రశ్న: "తేల్చారా?" ఆమె పోయేలోగా జవాబు పట్టుకెళ్లాలి. అతనికి కావలసింది అంతే.

మధ్యాహ్నం, బల్ల చివర కునుకుతున్న మాజీ మంత్రి నిద్ర లేచాడు. యుద్ధానికి సంతకాలు పెట్టిన మంత్రివర్గంలో ఇంకా బతికున్నది ఆయనొక్కడే. "ఎందుకయ్యా ఈ రభస? నే చెబుతా వినండి" అన్నాడు.

కమిటీ అధ్యక్షుడు చెయ్యెత్తాడు. ఆయన చెయ్యెత్తితే స్టెనో పెన్సిలెత్తాలి. ఆ చెయ్యి దిగేదాకా మాట్లాడిందేదీ రికార్డుకెక్కదు. అక్కడి ఆనవాయితీ అది. స్టెనో పెన్సిలెత్తాడు.

"ఆ రోజు మేం పదకొండు మందిమి. యుద్ధం వద్దనుకున్నవాళ్లం ఏడుగురం. ఆ సంగతి తర్వాతెప్పుడో చెప్పుకుంటే తెలిసింది. ముందు నోరు విప్పినవాణ్ణి పిరికివాడంటారని ఒక్కరమూ కిక్కురుమనలేదు. కాగితం నా ముందుకొచ్చింది, సంతకం పెట్టేశాను. అంతే."

పొట్టాయన గొంతు సవరించుకుని, దాన్ని ఆధారంగా తీసుకోలేమన్నాడు. మాజీ మంత్రి స్టెనో వైపు తిరిగాడు. "ఏమయ్యా, రాసుకోలేదు కదా?"

రాస్తానని అనొచ్చు. అన్నను మింగిన మాట చెవిన పడింది, చేతిలో పెన్సిలుంది.

"లేదండీ" అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. వెయ్యాల్సిందే. అధ్యక్షుడి చెయ్యి దిగింది, ఒడంబడిక మళ్లీ మొదలైంది.

ఎండ తగ్గకముందే ఇల్లు చేరాడు. వదిన దిండుకు ఆనుకుని ఉంది. గాజులు మోచేతుల దాకా జారేంతగా చిక్కిపోయింది.

"ఏం మరిదీ, తేల్చారా?"

ఒడంబడిక అని చెబితే గౌరవంగా ఉంటుందనుకున్నాడు. కానీ ఆ 'లేదండీ' ఇంకా నోట్లో చేదుగా ఉంది. విన్నది విన్నట్టు పొల్లుపోకుండా చెప్పేశాడు.

ఆమె నవ్వింది. "ఇంతోటిదానికి తొమ్మిదేళ్లా? మన గుమ్మంలోకొచ్చి అడిగితే నేను చెప్పేదాన్ని కాదూ! మీ అన్నయ్యకీ వెళ్లాలని లేదు. పిరికివాడంటారని వెళ్లారు. నాకూ పంపాలని లేదు. ఆ రోజు లోపల్నుంచి తాళం వేసి కూర్చుందామనుకున్నా. వీధంతా గుమ్మం ముందే నిలబడి చూస్తోంది, ఏమనుకుంటారోనని తలుపు తీసేశా." ఊపిరి తీసుకుంది. "నువ్వూ అక్కడే ఉన్నావుగా. వెళ్లొద్దని నువ్వైనా అన్నావా?"

"లేదు వదినా."

"మరింకేం. మనమూ ఆ కమిటీలోవాళ్లమే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లవారి అతను పాలు కాచి తెచ్చేసరికి ఆమె లేదు. కళ్లు తనే మూసుకున్నట్టుంది. ఆ పూట సెలవు కావాలని కబురంపితే, కారణం రాసి పంపమంది కమిటీ.

సాయంత్రం అందరూ వెళ్లాక పక్క తీస్తుంటే దిండు కింద చేతికి ఏదో తగిలింది. ఒక పాత ఇనప తాళంచెవి. అన్న వెళ్లిన రోజు వదిన తీసిన తలుపుది. ఆ తలుపు మార్చి పదేళ్లు దాటింది. తాళంచెవికి మాత్రం ఒక్క చోట కూడా తుప్పు లేదు.