ఎదుటి చేతి కర్ర

ఆసుపత్రిలో నా పని నడక నేర్పడం. గది తలుపు మీద ఫిజియోథెరపిస్టు అని రాసి ఉంటుంది గానీ, నోరు తిరగక అందరూ నడకమ్మ అంటారు. నా నోరు మంచిది కాదని కూడా అంటారు. కాదు మరి. బతిమాలితే ఎవడు మంచం దిగుతాడు?

సైన్యంలో ఉన్న మా తమ్ముడు సరిహద్దులో అవతలివాళ్ళకు చిక్కాడు. వాళ్ళ సిపాయి ఒకడు తొడలో తూటాతో మాకు చిక్కాడు. వాణ్ణి తెచ్చి మా వార్డులోనే మూల మంచం మీద వేశారు. అవతలివాళ్ళతో మాట్లాడే బాధ్యత ఒక మేజరుగారిది. పాపం, ఆయన ఫోను పట్టుకుని గొంతు పోయేలా మాట్లాడి, చివరికి మనిషికి మనిషి అని బేరం కుదిర్చాడు. వాళ్ళు ఒక్క షరతు దగ్గర మాత్రం మంకుపట్టు పట్టారట. వాళ్ళవాడు తన కాళ్ళ మీద నడిచి వంతెన దాటాలి. స్ట్రెచర్ మీద పంపితే మా తమ్ముణ్ణి ఇవ్వరు.

"ఇక నీ చేతిలోనే ఉందమ్మా," అన్నాడు మేజరుగారు.

ఇదీ ఒక పనేనా అనుకున్నాను. గాయం మానింది. ఎముకకు దెబ్బ తగల్లేదు. కానీ మూల మంచంవాడు కాలు కింద పెడితే ఒట్టు. రెక్క పట్టుకుని లేపితే గోనెసంచిలా జారిపోయేవాడు. తిట్టాను, కసిరాను, దండం పెట్టడం ఒక్కటే తక్కువ. నొప్పి అంటాడు. నొప్పి ఉండాల్సిన చోట నొక్కితే మాత్రం మొహం కూడా చిట్లించడు.

ఇంటికి వెళ్తే అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది. అన్నం తిన్నావా అని అడగడం మానేసింది. "నడిచాడా?" అని అడిగేది. లేదని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఇవాళ కాస్త నయమని చెప్పి, స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

మేజరుగారు మళ్ళీ పిలిపించాడు. అవతలివాళ్ళు విసిగిపోయారట. వారం తిరిగేలోగా తేలకపోతే మా తమ్ముణ్ణి ఎక్కడో లోపలి జైలుకు పంపేస్తారట. అక్కడికి పోయినవాళ్ళ కబురు ఇంతవరకూ ఎవరికీ అందలేదు.

ఆ మధ్యాహ్నం కాపలా జవాను టీ తాగడానికి వెళ్ళగానే, మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాను. తమ్ముడి సంగతి అప్పటిదాకా వాడికి చెప్పలేదు. మొత్తం చెప్పాను. వాడు పైకప్పు కేసి చూస్తూ అన్నాడు.

"నడిస్తే నన్ను ఇంటికి పంపుతారనుకుంటున్నావా అక్కా? కాలు బాగుంటే మళ్ళీ ముందు వరసలోకే తోస్తారు. నాతో వచ్చినవాళ్ళలో ఒక్కడూ మిగల్లేదు."

ఎవర్రా నీకు అక్క అనబోయి ఆగాను. వాళ్ళ యాసలో ఆ పిలుపు కాస్త సాగుతుంది, అంతే తేడా. మా తమ్ముడు తిరిగొచ్చినా, సెలవు అయిపోగానే వాణ్ణి కూడా మళ్ళీ అక్కడికే పంపుతారు కదా అని అప్పుడే తట్టింది. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

"కుంటివాణ్ణి కూడా తోస్తారా?" అని అడిగాను.

వాడు తల తిప్పి నా వైపు చూశాడు.

మర్నాడు మూల మంచంవాడు లేచి నిలబడ్డాడు. నలుగురూ చూస్తున్నప్పుడు వాడికి నడక నేర్పాను. ఎవరూ లేనప్పుడు కుంటడం నేర్పాను. దొంగ కుంటును పట్టడం నాకు చిటికెలో పని. దొంగలందరూ చేసే తప్పు ఒకటే, ఏ కాలు నొప్పి అంటారో ఆ వైపు చేత్తోనే కర్ర పడతారు. సరిగ్గా నేర్చుకున్నవాడు ఎదుటి చేత్తో, అంటే బాగున్న కాలి వైపు చేత్తో పడతాడు. ఇక మలుపు తిరిగేటప్పుడో, అయినవాళ్ళు కనబడినప్పుడో కుంటు మరిచిపోతారు.

"మీ అమ్మ ఎదురొచ్చినా పరిగెత్తావంటే తంతాను," అన్నాను.

"తన్నడానికి నువ్వక్కడ ఉండవుగా అక్కా," అని వాడు మొదటిసారి నవ్వాడు.

వంతెన దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్ళాను. మూల మంచంవాడు ఎడమ కాలు ఈడుస్తూ, కుడి చేత్తో కర్ర పట్టుకుని నడుచుకుంటూ పోయాడు. కుంటు ఎక్కడా తప్పలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. చూడొద్దని చెప్పింది నేనే, అయినా బాధేసింది.

అటునుంచి మా తమ్ముడు వచ్చాడు. సగం మనిషయ్యాడు. కుడి కాలు ఈడుస్తున్నాడు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏం చేశార్రా నిన్ను అనుకున్నాను. అలవాటు కొద్దీ కర్ర కేసి చూశాను. ఎడమ చేతిలో ఉంది. ఎవరో దగ్గరుండి నేర్పారు. వంతెన చివర ఇసుక బస్తాల దగ్గర మలుపు తిరిగేటప్పుడు రెండడుగులు మామూలుగా పడ్డాయి. మళ్ళీ కుంటు మొదలైంది. వాడిదీ దొంగ కుంటే.

అమ్మ వాణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాడి కర్ర నేల మీంచి లేచింది. మేజరుగారు నా పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఒరేయ్, కాలు జాగ్రత్త! కర్ర కింద ఆనించి నడువు," అని అరిచాను.

వాడు ఉలిక్కిపడి ఆగి, కర్ర ఆనించి మెల్లగా వచ్చాడు. మామూలు నడక మళ్ళీ వస్తుందా అని మేజరుగారు నన్ను అడిగాడు. కష్టమండీ, ఇక డ్యూటీకి పనికిరాడని చెప్పాను.

అమ్మ వదిలాక తమ్ముడు నా మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో మెల్లగా అన్నాడు. "అక్కడొక ఆవిడ ఉందక్కా. నీకంటే ఎక్కువ తిడుతుంది."

"నోరు మూసుకుని కుంటుతూ నడువు," అన్నాను ఏడుస్తూనే.