జానెడు సందు

తలుపేదో గోడేదో తెలిసి చావడం లేదు, అంతా అద్దమే, ఇందాక మనవరాలి వెనకే ఇటే వచ్చాననుకుంటే ఎదురుగా నా మొహమే నిలబడి ఉంది, ముప్పై ఏళ్ళు నూలు వడికిన మిల్లులో దారి తప్పానంటే నలుగురూ నవ్వుతారు, ఇది మిల్లు కాదు పెద్దాయనా, మిల్లుని మ్యూజియం చేశాక కట్టిన కొత్త భాగం, మిల్లు గోడ అదిగో, మధ్యలో జానెడు సందు వదిలాం, కొత్తది పాతదాన్ని తాకకూడదు, అని మురిసిపోయాడు దీన్ని గీసిన ఇంజినీరు, తాకనిదానికి పక్కనే కట్టడం దేనికయ్యా అంటే నవ్వుతూ ఇంకెవరికో చూపించడానికి వెళ్ళాడు, మూడేళ్ళుగా ఒకే ఇంట్లో నా కూతురూ నేనూ అలాగే ఉన్నాం, మమ్మల్ని చూడకుండానే గీశాడు, ఆ గోడకి మూడో కిటికీ, దాని కింద నా భార్య తెగిన పోగులు అతికేది, మరల మోతలో గొంతు వినపడదు, పెదవులతోనే మాటలు, మామా అని నన్ను పిలిస్తే గుండె మీద తట్టుకునేది, మా పాప సంగతైతే అరచేయి నడుం దగ్గర పెట్టేది, చెయ్యెందుకే, నాకు పెదవులు చాలు, అంటే, నీ మొహం, నీకేం తెలుస్తుంది మామా, అనేది.

ఆసుపత్రిలో ఆమె గొంతు పోయాక మళ్ళీ పెదవులే, పాపా అంది, కళ్ళారా చూశాను, కూతురి కోసం మెట్లు దిగి గేటు దాకా పరిగెత్తాను, ఆటో దొరకలేదట మహారాణికి, ఇద్దరం పైకొచ్చేసరికి దుప్పటి మొహం మీదికి లాగేశారు, అమ్మ నిన్నే పిలిచింది, నువ్వు రాలేదు, అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోను.

అదిగో, అద్దం అవతల మూడో కిటికీ కింద ఎవరు, అదే నిలువు, అదే నుదురు, చప్పుడు లేదు, పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి, మామా, వస్తున్నానే, అంటూ నడిచి నుదురు అద్దానికి కొట్టుకున్నాను, అది నా కూతురు, స్తంభం చాటునుంచి మనవరాలు పరిగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసింది, నా కూతురి అరచేయి తన నడుం దగ్గర, పిల్ల తల మీద, అది పిలిచింది పిల్లని, పాపా అని.

పాపా, మామా, పాపా, అద్దంలో నా పెదవులే ఆడించి చూశాను, రెండూ ఒకటే, ఇన్నేళ్ళూ తేడా చెప్పింది నా భార్య చెయ్యి, ఆ రోజు ఒక చేతికి సెలైన్, రెండోది మంచానికి కట్టేశారు, కూతురు ఏదో అంటోంది, దెబ్బ తగిలిందా నాన్నా అనో, తలుపు ఇటు అనో, ఏమో, చదవలేను, ఆ రోజు ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి, మంచం పక్కన నేనే ఉన్నాను, పిలిచింది నన్ను, లేచి వెళ్ళిపోయింది నేను.